అత్తగారి నిష్ఠ

ఆ కార్తీకం నెల రోజులూ నేను మా అత్తని చూసి కుళ్లుకున్నాను. ఆవిడ చచ్చిపోదామని లోపల్లోపల అనుకుంటున్న నెల అది. నా కుళ్లూ ఆవిడ ఆలోచనా ఒకే ఇంట్లో, గోడకి అటూ ఇటూ, ఒకదాని సంగతి ఒకదానికి తెలియకుండా పెరిగాయి.

మా అత్త పేరు పైడితల్లి. అప్పటికి డెబ్బై ఒక్కటి. మామయ్య పోయి మూడేళ్లు. మా ఆయన లోవరాజు అనకాపల్లి బెల్లం మార్కెట్లో గుమస్తా. పిల్లలు చదువులకి బయట ఉన్నారు. ఇంట్లో ఉండేది మేం ముగ్గురమే.

దీపావళి మర్నాడు తెల్లవారుజామున కుళాయి చప్పుడుకి మెలకువ వచ్చింది. పెరట్లోకి వెళ్లి చూస్తే మా అత్త తల మీంచి చన్నీళ్లు పోసుకుని, తడిచీరతో తులసికోట ముందు కూర్చుని ఉంది. దీపం వెలిగించలేదు. నేనే వెలిగించాను.

"ఎప్పుడు లేచేవత్తా?"

"నిద్దరెక్కడిదే," అంది.

నాకు ఆశ్చర్యంగానే అనిపించింది. ఆవిడకి అంతకు ముందు ఇలాంటి పట్టింపులు లేవు. "ఉపాసముంటే నాకు దేముడు కనపడడే, అన్నం కుండ కనపడతాది," అని నవ్వేది. ఆ ఇంట్లో కార్తీక సోమవారాలు ఉపవాసం ఉండేదాన్ని నేను. పెళ్లయిన రెండో ఏటి నుంచి, ఇరవై నాలుగేళ్లుగా, చుక్క చూడందే పచ్చి మంచినీళ్లు ముట్టలేదు. నీరసంగా ఉందా భవానీ అని ఇంట్లో ఒక్కరు అడిగిన పాపాన పోలేదు. పోనీలే, అది నా భక్తి అనుకునేదాన్ని. అలా అనుకోవడంలో కొంచెం గర్వం కూడా ఉండేది.

ఆవిడ ఒంటిపూటకి దిగింది. ఆ పూటా నాలుగు మెతుకులు తిని కంచం జరిపేసేది. "సయించట్లేదే," అనేది. పిలిస్తే పలికేది కాదు. ఎవరైనా వస్తే తలాడించి ఊరుకునేది. తెల్లవారుజామున మూడున్నరకో నాలుక్కో లేచి చీకట్లో కూర్చునేది. మొదటి వారం తిరిగేసరికి మా అత్త కార్తీకంలో మౌనం పట్టిందని వీధంతా తెలిసిపోయింది.

ఎదురింటి దుర్గ ఆవిడ తులసికోట ముందు కూర్చున్న ఫోటో తీసి వాట్సాప్ స్టేటస్ పెట్టింది. నన్ను గుమ్మంలో ఆపి చూపించింది కూడా.

"ఓలమ్మా, పెద్దమ్మ మొకంలో ఆ కళ సూడు వదినా. నిట్టంటే అలాగుండాల. నువ్వూ ఉన్నావు. సోమారం పగలంతా మాడిపోయి, సుక్క కనపడీసరికి నాలుగు దోసెలు లాగీత్తావు."

"నాలుగు కాదు, మూడు," అన్నాను.

నవ్వుతూనే అన్నాను. ఇంట్లోకి వచ్చి గిన్నెలు ఎత్తి ఎత్తి కుదేశాను.

రెండో సోమవారం సాయంత్రం మా ఆయన మార్కెట్ నుంచి వస్తూ అరటిపళ్లు, దానిమ్మకాయలు తెచ్చాడు. నేను చుక్క కోసం పెరట్లో నిలబడి ఉన్నాను. సంచీ పట్టుకుని నా పక్కనుంచే వెళ్లి అత్త మంచం మీద పెట్టాడు.

"తినమ్మా. నీరసించిపోతన్నావు. నువ్విలాగ కటికుపాసాలు సేత్తే ఎలాగే?"

ఆవిడ ఒక అరటిపండు చేతిలోకి తీసుకుంది. కొడుకు చూస్తున్నంతసేపు పట్టుకుంది. అతను స్నానానికి వెళ్లాక మళ్లీ సంచీలో పెట్టేసింది. చూస్తున్న నాకు ఒళ్లు మండింది. కొడుకు ప్రేమగా తెచ్చింది కూడా ముట్టనంత భక్తి కాబోలు అనుకున్నాను. ఈ వయసులో కోడలితో పోటీకి దిగింది అనుకున్నాను. ఆ రాత్రి నాలుగు దోసెలూ తిన్నాను.

ఒక మాట దాచకుండా చెప్పాలి. మా ఇద్దరి మధ్యా పోటీ కొత్తది కాదు. ఇరవై ఆరేళ్లుగా మా ఆయన నా చేతి కూర తిని, "బానే ఉంది, అమ్మ సేసినట్టు లేదు," అంటూనే ఉన్నాడు. ఆ ఏడు జ్యేష్ఠంలో అత్త గ్యాస్ ఆపడం మరిచిపోయి పక్కింటికి వెళ్లింది. నేను ముందు వాసన పట్టాను కాబట్టి సరిపోయింది. ఆ సాయంత్రమే, "నువ్వింక కూర్చో అత్తా, ఎన్నాళ్లు చేస్తావు," అని పోపులపెట్టె నా వైపు జరుపుకున్నాను. ఆ మాట ఎంత మెత్తగా అన్నానో నాకు గుర్తుంది. ఎంత సంతోషంగా అన్నానో కూడా గుర్తుంది. ఆవిడ తరువాత రెండు మూడుసార్లు కూర తరగడానికి వచ్చి కత్తిపీట ముందు కూర్చుంటే, వేలు తెగుతుందని పీట తీసేశాను.

పున్నమికి మా తోడికోడలు పావని కశింకోట నుంచి షేరాటోలో వచ్చింది. భోజనాలయ్యాక మా అత్త లేచి, తన ట్రంకుపెట్టె తెరిచి, వెండి కుంకుమభరిణె తీసి పావని చేతిలో పెట్టింది. మా అత్తకి వాళ్ల అమ్మ పెట్టిన సారెలోది అది.

"నాకెందుకత్తా ఇప్పుడు? నీకాడ ఉండనీ," అంది పావని, చేతిలోది మాత్రం వదలకుండా.

"నాకు దేనికే. మూడేళ్లయి బొట్టెట్టుకుంతన్నానేటి. ఉంచు."

పావని నా మొహంలోకి చూసింది. "అక్కకివ్వకుండా నాకిత్తే అక్కేటనుకుంతాది?"

"ఏటనుకుంటాను? ఇచ్చేవాళ్లిష్టం," అన్నాను.

అది మొదలు. ఆ వారంలో ఇత్తడి గంగాళం దుర్గకి ఇచ్చేసింది. మంచి నేత చీరలు రెండు, పక్కింటి అప్పయ్యమ్మ మనవరాలిని పిలిచి ఇచ్చింది. అప్పయ్యమ్మ మా అత్త ఈడుది. ఇద్దరూ నలభై ఏళ్లు ఆ అరుగు మీదే వక్క నమిలారు. ఆ ఏడు ఆషాఢంలో అప్పయ్యమ్మ పోయింది. ఆఖరికి ఊలు శాలువా ఒకటుంటే పాలవాడు సత్తియ్యకి ఇచ్చింది. కార్తీకంలో దానం చేస్తే కోటి రెట్లని వీధి మెచ్చుకుంది. ఖాళీ అయిన ట్రంకుపెట్టె తుడిచి మూతవేసింది.

నాకేమీ ఇవ్వలేదు. సత్తియ్యకి శాలువా ఇచ్చిన ఇంట్లో కోడలికి ఒక జాకెట్టుముక్క లేదు.

ఆ రోజు మా ఆయన్ని నిలదీశాను. "ఇరవై ఆరేళ్లు చేసింది నేను. కాళ్లకి నూనె రాసింది నేను. కశింకోట నుంచి పండక్కొకసారి వచ్చేదానికి భరిణె."

"భరిణె కావాలేటే నీకు? సేయించీనా?"

"భరిణె కోసం కాదు."

"మరి దేనికోసం?"

చెప్పలేకపోయాను. ఆవిడ కళ్లలో నేను లేను, అదీ నా బాధ. అది నోటితో చెబితే చిన్నపిల్ల ఏడుపులా ఉంటుంది.

ఆవిడ మరీ చిక్కిపోతుంటే ఊరుకోలేక వీధి చివర డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. గ్యాసు, ఉపవాసాల నీరసం అని మందు రాశాడు. "మీ అత్తగారిలా ఉండేవాళ్లు ఈ రోజుల్లో ఎవరమ్మా," అని నాతో అన్నాడు. దారి పొడుగునా ఆ మాట నన్ను పొడుస్తూనే ఉంది.

అమావాస్య మర్నాడు పాడ్యమి. కార్తీకానికి ఆఖరి దీపాలు ఆ తెల్లవారుజామున శారదా నదిలో వదలాలి. నెల రోజుల దీపాలు ఏ రోజైనా తప్పిపోయి ఉంటే, ఆ ఒక్క రోజు ముప్పై వత్తులు వెలిగిస్తే సరిపోతుందంటారు. ముందు రోజే అరటి దొప్పలు రెండు తయారుచేశాను. నాకు నున్నటి దొప్ప ఏరుకున్నాను. మిగిలింది ఆవిడకి పెట్టాను. అంత చిన్నబుద్ధికి ఆ నెలలో దిగాను.

వేకువనే బయల్దేరాం. దుర్గ, వీధిలో ఆడవాళ్లు ఇంకో ఆరుగురు ఉన్నారు. మా అత్త అందరికంటే ముందు నడుస్తోంది. సగం దారిలో చూశాను, ఆవిడ చేతులు ఖాళీ.

"నీ దొప్పేదత్తా?"

వినిపించుకోలేదు. అరుగు మీద వదిలేసి వచ్చినట్టుంది. వెనక్కి వెళ్లి తేవడానికి నాకు మనసు రాలేదు.

ఆ ఏడు తుఫాను వానలకి నదిలో నీళ్లు బాగా ఉన్నాయి. రేవు నిండా దీపాలు. మా అత్తని చూసి ఆడవాళ్లు పక్కకి తప్పుకున్నారు. "పెద్దమ్మకి దారియ్యండే," అంది దుర్గ, ఫోను పైకెత్తి పట్టుకుంటూ. ఆవిడ మెట్లు దిగింది. మోకాళ్ల దాకా, నడుం దాకా దిగింది. అందరూ అక్కడ ఆగి మూడు మునకలు వేసి వచ్చేస్తారు. ఆవిడ మునగలేదు, ఇంకా ముందుకు నడిచింది.

"సంకల్పం సెప్పుకుంతన్నాది," అంది వెనక ఎవరో. ఇద్దరు ముగ్గురు చేతులు జోడించారు.

ఈ రోజు కూడా నాకంటే ఒక మెట్టు ఎక్కువ చేయాలి ఈవిడ అనుకున్నాను. దొప్పలో వత్తులకి అగ్గిపుల్ల గీస్తూ అనుకున్నాను. గాలికి పుల్ల ఆరిపోయింది. రెండోది గీసి తలెత్తాను.

ఆవిడ చేతులు జోడించి లేవు. రెండూ నీళ్లలో వదిలేసి ఉన్నాయి. పెదవులు కదలడం లేదు. కుచ్చెళ్లు పైకి దోపుకోలేదు, నీళ్ల మీద తేలుతున్నాయి. ఏ ఆడదైనా నీళ్లలో దిగేముందు చేసే మొదటి పని అది. దీపాల కేసి చూడటం లేదు, తూర్పుకేసి చూడటం లేదు. నీళ్లు రొమ్ము దాటుతున్నాయి. వత్తుల్లేవు, మునకల్లేవు, దేముడి పేరు లేదు. నెల రోజులుగా ఏ రోజూ లేవు. అన్నీ మేం కలుపుకున్నవే.

నేనూ దిగాను. దొప్ప ఎక్కడ వదిలానో తెలియదు. దగ్గరికి వెళ్లేసరికి నీళ్లు నా భుజాలకి వచ్చాయి. ఆవిడ నాకంటే జానెడు పొడుగు. జబ్బ పట్టుకున్నాను. ఎముక తగిలింది.

"చలిగా ఉందత్తా. వెళ్దాం పద."

"నువ్వెల్లు," అంది. "నేనింకో రెండడుగులేసి వత్తాను."

జబ్బ వదల్లేదు. "నాకు ఈత రాదత్తా," అన్నాను.

ఆవిడ అప్పుడు తల తిప్పి నా మొహంలోకి చూసింది. నెల తరువాత అదే చూడటం. నీళ్లు నా మెడ దాకా ఎలా ఉన్నాయో చూసింది.

"రాకపోతే ఎందుకు దిగేవే?" అంది, కసిరినట్టు. "ఎనక్కి తిరుగు. మెల్లిగా. కాళ్ల కింద రాళ్లుంటాయి."

నా చెయ్యి ఆవిడే పట్టుకుని గట్టుకి తీసుకొచ్చింది.

"అత్తాకోడళ్లిద్దరూ పీకల్లోతు దిగి మొక్కేరు," అంది దుర్గ. "ఏం పున్నెమో." నేను ఫోను వైపు చెయ్యి అడ్డం పెట్టాను.

ఇంటికొచ్చాక ఆవిడకి పొడిచీర కట్టి, దుప్పటి కప్పి, మా ఆయన్ని పెరట్లోకి పిలిచి చెప్పాను.

నమ్మలేదు. "నిట్టలో ఉండి లోతు సూసుకోలేదు. అంతదానికి అదేటే అలాగంటావు?"

"నిష్ఠ కాదు. మనసుకి రోగం. డాక్టరుకి చూపించాలి."

"అంటే? మా అమ్మని సినవాల్తేరు తీసుకెల్లమంటావా?" అన్నాడు. పిచ్చాసుపత్రి అనడానికి మా వైపు ఆ ఊరి పేరు చెబితే చాలు. "వీధిలో తలెత్తుకుంతామా మనం? నెలంతా దేవతన్నోళ్లు రేపు పిచ్చిదంటారు."

"నాకు ఈత రాదని వెనక్కొచ్చింది," అన్నాను. "తనకోసం రాలేదు. రేపు నేను పక్కన లేకపోతే?"

ఆయన తులసికోట గట్టు మీద కూర్చుండిపోయాడు. కాసేపటికి లేచి మార్కెట్‌కి ఫోన్ చేసి రానని చెప్పాడు. ఆ రోజే ముగ్గురం ఆసుపత్రికి వెళ్లాం.

మనసు రోగాలు చూసే డాక్టరు సుప్రియ అని చిన్నపిల్ల. మా పావని కంటే చిన్నది. నా దగ్గర కొన్ని సంగతులు అడిగి, మమ్మల్ని బయట కూర్చోమని తలుపు వేసింది. బల్ల మీద కూర్చున్నాం. కాసేపు ఏమీ లేదు. తరువాత లోపలి నుంచి మా అత్త గొంతు వినపడటం మొదలైంది. మాటలు అర్థం కావడం లేదు. ఆగడం లేదు కూడా. మధ్యలో ఏడ్చింది, మళ్లీ మాట్లాడింది. గోడ గడియారం చూశాను, ముప్పావుగంట.

ఇరవై ఆరేళ్లలో నాతో ఎప్పుడూ ముప్పావుగంట మాట్లాడలేదు. ఊరూ పేరూ తెలియని పిల్లతో మాట్లాడుతోంది. అంత జరిగాక కూడా నాకు మళ్లీ అదే కుళ్లు. సిగ్గుపడ్డాను, అయినా పోలేదు.

డాక్టరు మమ్మల్ని లోపలికి పిలిచింది. "ఇది డిప్రెషన్ అండి. పెద్దవాళ్లలో చాలామందికి ఉంటుంది. దిగులుగా ఉందని వాళ్లు చెప్పరు. సయించట్లేదంటారు, నిద్ర లేదంటారు, కాళ్లు లాగుతున్నాయంటారు. ఇంట్లోవాళ్లు వయసు మీద పడిందనుకుంటారు."

"మేం భక్తి అనుకున్నాం," అన్నాను.

ఆ అమ్మాయి నవ్వలేదు.

"ఎందుకొచ్చిందమ్మా? మేమేం తక్కువ సేసేం?" అన్నాడు మా ఆయన.

"తక్కువ చేశారని కాదు. ఒక్క కారణం ఉండదు దీనికి. ఆయన పోయారు. పక్కింటి స్నేహితురాలు పోయింది. చెవులు సరిగ్గా వినపడటం లేదు, మీకు తెలుసా? నలుగురిలో కూర్చున్నా మాట అందదు. అడిగితే విసుక్కుంటారని అడగడం మానేశారు. థైరాయిడ్ కూడా చూడాలి, రక్తం పరీక్ష రాస్తాను. ఇంకోటి, చేతిలో పని పోయిందన్నారు."

నేను కాళ్ల వైపు చూసుకున్నాను. పిలిస్తే పలకకపోవడం మౌనమని వీధి అంది, పొగరని నేను అన్నాను. చెవుడని ఎవరూ అనలేదు.

మందులు పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుందని, అంతవరకూ ఒంటరిగా వదలొద్దని చెప్పింది. మాత్రలు మా దగ్గరే పెట్టుకోమంది. ఆఖర్న నావైపు తిరిగి అంది: "రోజూ అడగండి. చచ్చిపోవాలనిపిస్తోందా అని, ఆ మాటతోనే. మీరు అడిగితే లేనిది పుట్టదు. ఉన్నది చెప్పుకుంటారు."

ఆటోలో మా ఆయన ముందు కూర్చున్నాడు. ఆవిడ చెవి దగ్గర నోరు పెట్టి, గట్టిగా అడిగాను. "అందరికీ అన్నీ ఇచ్చేవు. నాకెందుకివ్వలేదత్తా?"

ఆవిడ బయటకు చూసింది. "నీకిత్తే ఎందుకని అడుగుతావు," అంది. "ఆల్లెవులూ అడగరు. తీసుకుంతారు. నా మనసులోది నువ్వు పట్టీసుకుంతావని బయమేసింది."

పట్టుకోలేదని, పట్టుకునే తీరికే నా కుళ్లుకి లేకపోయిందని ఆవిడకి చెప్పలేదు. చెయ్యి మాత్రం పట్టుకున్నాను.

మర్నాడు పొద్దున్న టీ ఇచ్చి పక్కన కూర్చున్నాను. ఆ మాట గొంతులోంచి రావడానికి టీ చల్లారిపోయింది.

"చచ్చిపోవాలనిపిస్తోందా అత్తా?"

"ఉంది," అంది.

ఉంది అంటే ఏం చేయాలో నాకు తెలియదు. "సరే. టీ వేడిచేసి తెస్తాను," అన్నాను. వేడిచేసి తెచ్చాను, తాగింది.

అలా రోజూ. ఒక రోజు "ఉంది." ఒక రోజు "నువ్వు బట్టలారేత్తంటే వచ్చింది, మల్లీ పోయింది." ఒక రోజు జవాబే లేదు, గోడవైపు తిరిగి పడుకుంది. ఆ రోజు నేను ఆ గది దాటి వెళ్లలేదు. మా ఆయన చెవి మిషను పెట్టించాడు. మొదటి రోజు ఫ్యాను మోత విని బెదిరిపోయి తీసిపారేసింది. చేతికి పని ఇవ్వమంది డాక్టరు. పోపులపెట్టె తిరిగి ఆవిడ ముందు పెట్టడానికి నాకు వారం పట్టింది. స్టవ్ దగ్గర నేను నిలబడి, ఆవిడ చేత పులుసు పెట్టించాను. మా ఆయన మొదటి ముద్దకే తలెత్తి, "అమ్మ సేసిందేటి?" అన్నాడు. గుండెలో కలుక్కుమంది. "అవును, ఆవిడే," అన్నాను. కలుక్కుమన్నా చెప్పాను. అంతకంటే మంచిదాన్ని నేను అవలేదు.

వీధికి చెప్పడానికి మా ఆయన ఒప్పుకోలేదు మొదట. దుర్గ వచ్చి, పెద్దమ్మ ఇప్పుడు ఏ వ్రతంలో ఉంది అని అడిగితే, ఆయనే గుమ్మంలో నిలబడి చెప్పాడు: "వ్రతం లేదు, ఏటీ లేదు. బాగోలేదు, మందులేసుకుంతన్నాది." మా అమ్మ కూడా ఇలాగే తిండి మానేసింది వదినా, అంది దుర్గ నా వైపు తిరిగి.

మార్గశిరం చివరి వారంలో ఒక పొద్దున్న, మంచు ఇంకా విడలేదు. ఆవిడ అరుగు మీద చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. చెవిలో మిషను ఉంది. నేను పక్కన కూర్చుని, ఇప్పటికి అలవాటైపోయిన మాట అడిగాను.

"నిన్న రాలేదే," అంది, కాయ మీంచి చూపు తీయకుండా. "రాత్రి పడుకునేటప్పుడు గుర్తొచ్చింది, ఇయ్యాల రాలేదు కదా అని."

ఇంకో కాయ తీసుకుని ఈనె లాగాను.

"మరి ఈ రోజు?"

"ఈ రోజు సంగతి ఈ రోజే ఎలాగ తెలుస్తాదే," అంది విసుగ్గా. "రేపడుగు. సెప్తాను."